గేమింగ్ కంప్యూటర్ కోసం చీటీ ఎత్తాలా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, గాజువాక. మావారిది ప్రైవేటు కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం. బాబు బీటెక్ మొదటి ఏడాది. చదువుకూ ఆటలకూ పనికొచ్చేలా విడిభాగాలు ఎంచుకుని కంప్యూటర్ చేయించుకుంటానంటున్నాడు. ద్వారకానగర్‌లో ఒక దుకాణం వారు 1,02,000 రూపాయలని కొటేషన్ ఇచ్చారు, జతచేశాను. పోస్టాఫీసు ఆర్‌డీ ముగిసి 70,000 చేతికొచ్చింది. 90,000 ఎఫ్‌డీ ఉంది. లక్ష రూపాయల చీటీ 20 నెలలది, 7 కట్టాం. గత నెల పాట 18,000కు పోయింది. చీటీ పోను నెలకు 4,000 మిగులుతుంది. చీటీ ఎత్తాలా, ఎఫ్‌డీ తీయాలా, 12 నెలల వాయిదాలకు వెళ్లాలా?

జవాబు: మూడూ వద్దమ్మా. చేతిలో ఉన్న 70,000తోనే మొదలుపెట్టండి.

ఎఫ్‌డీ జోలికి అసలు వెళ్లకండి. కాంట్రాక్టు ఉద్యోగం మీద నడిచే ఇంట్లో ఆ 90,000 అంటే పని లేని నెలల్లో బియ్యం, అద్దె, కరెంటు బిల్లు. ఇక చీటీ. గత నెల పాట లెక్కన ఇప్పుడు ఎత్తితే చేతికి వచ్చేది 82,000. మిగిలిన 13 నెలలూ కట్టక తప్పదు. చివరి నెలల దాకా ఆగితే పోయేది ఇంచుమించు ఫోర్‌మన్ (చీటీ నడిపేవారు) కమీషన్ ఒక్కటే. చట్టం ప్రకారం అది 7 శాతం మించకూడదు. అంటే తొందరపడితే 11,000 వరకు అదనంగా వదులుకున్నట్టు. వాయిదాలంటారా, నెలకు 8,500 అవుతుంది, మీకు మిగిలేది 4,000. ‘వడ్డీ లేని వాయిదా’ అని చెప్పినా క్రెడిట్ కార్డు బ్యాంకు వడ్డీ వేస్తుంది, దానికి సమానంగా ధర తగ్గించి చూపుతారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ రుసుము మీరే భరించాలి. నగదుకు బేరమాడే అవకాశం కూడా పోతుంది.

విడిభాగాలతో చేయించుకునే కంప్యూటర్‌కు ఒక గొప్ప సౌలభ్యం ఉంది. అప్పు చేయకుండా, ఒక్కో భాగం కొనుక్కుంటూ పోవచ్చు. మీ కొటేషన్‌లో 32,000 ఒక్క గ్రాఫిక్స్ కార్డుకే (తెర మీద బొమ్మలు గీసే భాగం), ఆర్‌టీఎక్స్ 5060 మోడల్‌కే పోతోంది. పెద్ద ఆటలకు అది కావాలి, నిజమే. మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ పాఠాలకు అక్కర్లేదు. దాన్ని పక్కన పెడితే మిగిలింది 70,000.

అయితే ఒక మెలిక ఉంది. మీకు రాసిచ్చిన ప్రాసెసర్ (కంప్యూటర్‌కు మెదడులాంటి భాగం) ఐ5-12400ఎఫ్. చివర ఆ ‘ఎఫ్’ ఉందంటే అందులో సొంత గ్రాఫిక్స్ లేదని అర్థం. కార్డు లేకుండా మానిటర్ మీద బొమ్మే రాదు. ‘ఎఫ్’ లేని 12400 ఇవ్వమనండి. సుమారు 2,000 ఎక్కువ పడుతుంది. క్లాసులకూ కోడింగుకూ చిన్న ఆటలకూ సరిపోతుంది.

కొటేషన్‌లో నన్ను నిజంగా కలవరపెట్టిన వరుస మరొకటి. రంగురంగుల లైట్ల ఫ్యాన్లు, అద్దం తలుపు క్యాబినెట్ కలిపి 10,500. దాని కిందే పవర్ సప్లై 1,900, తయారీ కంపెనీ పేరు కూడా లేదు. అన్ని భాగాలకూ కరెంటు పంచేది ఆ పెట్టే. అది కాలితే తనతోపాటు మదర్‌బోర్డునూ (భాగాలన్నీ బిగించే పలక) తీసుకుపోవచ్చు. పేరున్న కంపెనీది, 550 వాట్లది, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్నది, ఐదేళ్ల వారంటీతో తీసుకోండి. 5,500 దాకా పెట్టవచ్చు. రేపు కార్డు బిగించినా అది చాలు. క్యాబినెట్‌కు 4,500 మించవద్దు. లైట్లు వద్దు, దుమ్ము ఆపే జాలీ మాత్రం ఉండాలి. మన ఊరి ఉప్పుగాలి సంగతి మీకు తెలిసిందే. మా ఇంట్లో కిటికీ పక్కన పెట్టిన కంప్యూటర్‌కు రెండేళ్లలో వెనుక స్క్రూలన్నీ తుప్పుపట్టి, విప్పబోతే తలలు అరిగిపోయాయి. గోడ వైపు పెట్టించండి.

ఇప్పుడు లెక్క చూడండి. 70,000లోంచి క్యాబినెట్ మీద 6,000 తగ్గింది. పవర్ సప్లైకి 3,600, ప్రాసెసర్‌కు 2,000 కలిశాయి. మొత్తం 69,600.

కార్డు కోసం ఆ నెలనెలా మిగిలే 4,000 విడిగా ఒక ఖాతాలో వేయండి. ఎనిమిది నెలలకు 32,000. చీటీ సొమ్ము కాలేజీ ఫీజుకు ఉంటుంది. కార్డు వచ్చాక కరెంటు బిల్లు కూడా పెరుగుతుందని బాబుకు ముందే చెప్పండి. ఆటలో మొత్తం 400 వాట్లు లాగితే, రోజుకు నాలుగు గంటలకు నెలకు 48 యూనిట్లు. శ్లాబు మారితే ఆ భారం ఇంకా ఎక్కువ.

జీఎస్టీ బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరూ విడిగా రాయించుకోండి. వారంటీ దేనికదే. ఎనిమిది నెలల తర్వాత కార్డు బిగించిన రోజు మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డు నుంచి తీసి కార్డుకే పెట్టమని బాబుకు గుర్తుచేయండి. పాత చోటే ఉంచేసి, కార్డు పనిచేయడం లేదని దుకాణానికి పరుగెత్తేవారు చాలామంది.