ఆంత్రోపాలజీ చదువులో రసీదు లేని ఏడాది

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి ఒక అక్క రాశారు. భర్తకి బట్టల కొట్టు. ఇంటి ఖర్చులు, కూతురి పేరున సుకన్య ఖాతాకి (ఆడపిల్లల కోసం ఉన్న ప్రభుత్వ పొదుపు పథకం) కట్టే 3 వేలు పోను నెలకి ఇంకో 6 వేలు మిగులుతుందట. అమ్మాయికి ప్లస్ టూ అయింది, ఆంత్రోపాలజీ (మనుషుల పుట్టుక, సమాజాలు, సంస్కృతుల గురించిన చదువు) చదువుతానంటోంది, అదీ డిగ్రీతో ఆపదట, పీహెచ్‌డీ దాకా వెళ్తుందట. 2015లో తెరిచిన సుకన్య ఖాతాలో ఇప్పుడు 5 లక్షల 40 వేలు ఉంది, ఇంట్లో పన్నెండు తులాల బంగారం ఉంది. అబ్బాయి ఎనిమిదో తరగతి. ఆడపడుచు మాత్రం "ఎముకలు లెక్కపెట్టే చదువుకి ఇంత డబ్బా, నర్సింగ్‌లో వెయ్యండి" అంటోందట. బంగారం తాకట్టు పెట్టాలా, ఎడ్యుకేషన్ లోన్ తియ్యాలా, సుకన్య కదపాలా అని ప్రశ్న.

అక్కా, ఏ చదువు మంచిదో చెప్పడం నా పని కాదు. కానీ మీరు భయపడుతున్న ఖర్చు ఒకటి, నిజంగా దెబ్బ కొట్టే ఖర్చు ఇంకొకటి. ప్రభుత్వ కాలేజీలో ఫీజు పెద్ద భారం కాదు, హాస్టలు, మెస్సు కలిపి నెలకి 7 వేలు వేసుకున్నా ఏడాదికి పది నెలల లెక్కన 70 వేలు. దానికి బంగారం దాకా వెళ్లక్కర్లేదు. అసలు చిక్కు పీజీ అయ్యాక వస్తుంది. దేశమంతా జరిగే నెట్ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) తెచ్చుకునే లోపు ఒక ఏడాదో ఏడాదిన్నరో అమ్మాయి ఏ కాలేజీలోనూ ఉండదు, అంటే చేతిలో ఫీజు రసీదు ఉండదు. రసీదు లేకపోతే బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ ఇవ్వదు, సుకన్య డబ్బూ చదువు పేరు మీద బయటికి రాదు. చాలా ఇళ్లలో పిల్లలు చదువు ఆపేసి దొరికిన ప్రైవేటు స్కూల్లో చేరిపోయేది సరిగ్గా అక్కడే.

అందుకే ఇలా చేయండి. రసీదు ఉన్న ఖర్చుకి సుకన్య వాడండి, రసీదు లేని ఏడాదికి నగదు దాచండి. అమ్మాయికి 18 నిండినా, పదో తరగతి పాసైనా, కిందటి మార్చి నెలాఖరుకి ఖాతాలో ఉన్నదాంట్లో సగం వరకు చదువుకి తీసుకోవచ్చు. మీకైతే సుమారు 2 లక్షల 60 వేలు. ఒకేసారి అక్కర్లేదు, ఏడాదికోసారి చొప్పున ఐదేళ్ల వరకు తీసుకోవచ్చు, అడ్మిషన్ కాగితం, ఫీజు కాగితం చూపించాలి, అందులో రాసి ఉన్నంత మేరకే ఇస్తారు. ఇది డిగ్రీ మూడేళ్లు, పీజీ రెండేళ్లకి సరిగ్గా సరిపోతుంది. మెస్సు బిల్లు నెలకి మిగిలే 6 వేలలో సగంతో ఇవ్వండి. మిగతా 3 వేలు ఈ నెలనుంచే పోస్టాఫీసు ఐదేళ్ల ఆర్‌డీలో (నెలనెలా కట్టే డిపాజిట్) వేయండి. ఇప్పుడున్న 6.7 శాతం వడ్డీ లెక్కన ఐదేళ్లకి 2 లక్షల 14 వేలు వస్తుంది, పీజీ ముగిసే వేళకి చేతికందుతుంది. మెస్సుకి ఏ నెలైనా తక్కువైతే సుకన్యకి కట్టేది తగ్గించండి, ఏడాదికి కనీసం 250 కడితే ఖాతా బతికే ఉంటుంది. ఆర్‌డీని మాత్రం ముట్టుకోకండి.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఒక్క లెక్క. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకి 37 వేలు, రెండేళ్ల తర్వాత 42 వేలు, పైగా హెచ్‌ఆర్‌ఏ (ఇంటద్దె భత్యం). ఐదేళ్లకి కూడితే హెచ్‌ఆర్‌ఏ కాకుండానే 24 లక్షలు. అది రాకుండా సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీలో చేరితే నెలకి 8 వేలు. ఆ 24 లక్షల పరీక్షకి స్థిమితంగా కూర్చోడానికి ఏడాది పాటు అమ్మాయికి నెలకి 8 వేలు, అంటే 96 వేలు మీరు పెట్టాలి. నెట్ ఏడాదికి రెండుసార్లు ఉంటుంది, జేఆర్‌ఎఫ్‌కి వయసు 30, ఆడపిల్లలకి ఇంకో ఐదేళ్లు సడలింపు. కాబట్టి టెన్షన్ వద్దు, కానీ మూడుసార్లు రాసీ రాకపోతే సొంత డబ్బుతో పీహెచ్‌డీ చేయనని అమ్మాయి చేత ఇప్పుడే మాట తీసుకోండి. కఠినంగా ఉంటుంది, తెలుసు. అప్పటికి అబ్బాయి కూడా డిగ్రీలో ఉంటాడు కదా.

ఆ 96 వేలు పోను ఆర్‌డీలో మిగిలే లక్షా పద్దెనిమిది వేలు కూడా ఖర్చు పెట్టేయకండి. మా చెల్లెలి కొడుక్కి ఫెలోషిప్ వచ్చింది, మొదటి డబ్బు అకౌంట్లో పడేసరికి ఏడు నెలలైంది, ఆ ఏడు నెలలూ బావగారు అప్పు చేసి పంపారు. దానికి తోడు పీహెచ్‌డీలో ఫీల్డ్‌వర్క్ అని ఉంటుంది, పరిశోధన చేసే ఊళ్లో నెలల తరబడి ఉండాలి, అద్దె, ప్రయాణం, రికార్డర్, అన్నీ ముందు మన జేబులోంచే.

ఈ విషయంలో మాత్రం మీ అమ్మాయికి ఉన్న సౌకర్యం ఢిల్లీ పిల్లలకి లేదు. సంత రోజు మీ కొట్టుకొచ్చే సవర గిరిజనుల మాట ఆమెకి చిన్నప్పటినుంచీ చెవిన పడింది, ఒడియా, తెలుగు ఎలాగూ వచ్చు. గిడుగు రామమూర్తి గారు మీ ఊళ్లో బడిపంతులుగా ఉంటూనే సవర భాష నేర్చుకున్నారు, ఇంగ్లండులో పుట్టిన ఆంత్రోపాలజిస్టు వెరియర్ ఎల్విన్ 1940లలో ఎక్కడినుంచో వచ్చి సవరలుండే కొండల్లో తిరిగాడు. మీ అమ్మాయికి గుణుపురం వైపు ఊళ్లు గంటల దూరమే, ఇంట్లో అన్నం తిని ఫీల్డుకి వెళ్లే విద్యార్థులు అరుదు. పీజీకి కోరాపుట్ సెంట్రల్ యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ విభాగం ఉంది, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలోనూ ఉంది.

ఇంకో మాట, చాలాచోట్ల పీజీ ఆంత్రోపాలజీకి ఏ డిగ్రీ అయినా ఒప్పుకుంటారు. డిగ్రీ ఇంట్లోంచే మీ కృష్ణచంద్ర గజపతి కాలేజీలో చేస్తే మూడేళ్ల హాస్టలు, మెస్సు, అంటే 2 లక్షల 10 వేలు మిగులుతుంది. అమ్మాయి ఒప్పుకోకపోతే బలవంతం చేయకండి, ఒక్కసారి అడిగి చూడండి.

లోన్ ఇప్పుడు వద్దు. డిగ్రీకి 3 లక్షలు ఒకేసారి 10 శాతానికి తీసుకుంటే, కట్టడం మొదలయ్యే నాలుగేళ్ల నాటికి మామూలు వడ్డీయే లక్షా 20 వేలవుతుంది. బంగారం బీరువాలోనే ఉంచండి. స్కాలర్‌షిప్‌కి అర్హత ఉందేమో ఒడిశా స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్లో చూడండి, ఆదాయం సర్టిఫికెట్ తహసీల్దార్ ఆఫీసులో ఈ నెలలోనే పెట్టుకోండి, అడ్మిషన్ల రోజుల్లో అక్కడ జాతర.