పన్ను అక్కడా ఇక్కడా ఒకటే, ఆసుపత్రి బిల్లు ఒకటి కాదు

ప్రశ్న: 2017 నుంచి డల్లాస్‌లో హెచ్1బీ వీసా మీద ఉద్యోగం చేస్తున్నాను. నాకు 41 ఏళ్లు, ఏడాదికి 1,40,000 డాలర్ల జీతం. భార్య, అక్కడే పుట్టిన ఆరేళ్ల పాప ఉన్నారు. ఈ డిసెంబర్‌తో (2025) రాజీనామా చేసి హైదరాబాద్ వచ్చేస్తున్నాం. ఇక్కడ 30 లక్షల ఆఫర్ ఉంది. ఇండియాలో పన్నులు కట్టి కూడా ఆసుపత్రి ఖర్చు మనమే పెట్టుకోవాలని అందరూ భయపెడుతున్నారు. నాకు రెండేళ్లుగా షుగర్. హెచ్ఎస్ఏలో (వైద్య ఖర్చుల కోసం పన్ను లేకుండా దాచుకునే అమెరికా ఖాతాలో) 22,000 డాలర్లున్నాయి. గుంటూరులో ఉన్న అమ్మకు 71 ఏళ్లు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు పన్ను సంగతి. మీ జీతం మీద 2025కు స్టాండర్డ్ డిడక్షన్ 31,500 డాలర్లు, పాప ఉన్నందుకు పన్నులో ఇచ్చే తగ్గింపు 2,200 పోగా ఫెడరల్ పన్ను 11,498 డాలర్లు. సోషల్ సెక్యూరిటీ (అమెరికా పింఛను), మెడికేర్ (వృద్ధుల వైద్యం) కోసం కోత 10,710. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపన్ను లేదు. మొత్తం 22,208, అంటే జీతంలో 15.86 శాతం. ఇక్కడ 30 లక్షల మీద కొత్త విధానంలో సెస్‌తో కలిపి 4,75,800 రూపాయలు. అది కూడా 15.86 శాతమే! ప్రీమియం కోతలు పక్కనపెట్టి వేసిన లెక్క ఇది. కాబట్టి పన్ను గురించి బెంగ పెట్టుకోకండి.

అయితే ఆ 10,710 డాలర్ల గురించి ఒక మాట. అమెరికా పింఛను రావాలంటే 40 క్రెడిట్లు (సంపాదన మీద జమయ్యే పాయింట్లు) కావాలి, ఏడాదికి నాలుగే ఇస్తారు. 2017 నుంచి 2025 దాకా తొమ్మిదేళ్లు, 36 క్రెడిట్లు. ఇండియాకు, అమెరికాకు మధ్య సామాజిక భద్రత ఒప్పందం లేదు, కాబట్టి ఆ నాలుగూ ఇక్కడి ఉద్యోగంతో పూడవు. కానీ క్రెడిట్లు లెక్కించేది నెలలను బట్టి కాదు, ఆ ఏడాది సంపాదనను బట్టి. 2026లో 7,560 డాలర్ల జీతం అందుకుంటే నాలుగూ వచ్చేస్తాయి. మీకది ఒక్క నెల జీతం కూడా కాదు. సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో మీ ఖాతా తెరిచి 36 ఉన్నాయో లేదో చూసుకోండి. ఉంటే దయచేసి జనవరి చివరి దాకా పనిచేసి రండి. డిసెంబర్‌తోనే ఆపేస్తే, మళ్లీ అక్కడ పనిచేయకపోతే, తొమ్మిదేళ్ల కోత వృథా అవుతుంది.

ఇక ఆసుపత్రి. అసలు తేడా అంతా ఇక్కడే. అమెరికా పాలసీలో హద్దు మీ ఖర్చుకు ఉంటుంది. మీలా హెచ్ఎస్ఏ ఉన్న ప్లాన్లలో నెట్‌వర్క్ లోపల (కంపెనీ జాబితాలోని ఆసుపత్రుల్లో) కుటుంబం జేబులోంచి పెట్టేది 2025లో 16,600 డాలర్లు దాటకూడదు, ఆపైన ఎంతైనా కంపెనీదే. మన దగ్గర తిరగబడుతుంది. హద్దు కంపెనీ ఖర్చుకు ఉంటుంది, ఆపైన ఎంతైనా మీదే.

మా నాన్నగారి డిశ్చార్జి రోజు నాకింకా గుర్తుంది. ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర పొద్దున పదకొండు నుంచి సాయంత్రం ఐదు దాకా ఫైలు పట్టుకుని నిలబడ్డాను. పాలసీలో గది అద్దె లిమిట్ రోజుకు ఐదు వేలు. నాన్నకు నిద్ర పడుతుందని నేను తీసుకున్నది పది వేల గది. గది అద్దె తేడా ఒక్కటే కట్టాలనుకున్నాను. డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ చార్జీలు కూడా అదే నిష్పత్తిలో సగానికి కోశారు. మందుల బిల్లు ఒక్కటే పూర్తిగా వచ్చింది. అందుకే గది అద్దె లిమిట్ లేని పాలసీయే తీసుకోండి.

పది లక్షల ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ), దాని మీద పది లక్షలు దాటాక పనిచేసే 90 లక్షల సూపర్ టాపప్ నా సలహా. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. షుగర్ విషయం దాచకండి. ముందే ఉన్న జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ మూడేళ్ల దాకా పెట్టొచ్చు, ఆ లెక్క పాలసీ మొదలైన రోజు నుంచే నడుస్తుంది. చాలా కంపెనీలు ఎన్నారైలకు కూడా ఇస్తాయి కాబట్టి డల్లాస్‌లో ఉండగానే దరఖాస్తు పెట్టండి. ఆఫీసు గ్రూప్ పాలసీల్లో ఎక్కువ శాతం షుగర్‌ను మొదటి రోజు నుంచే కవర్ చేస్తాయి. మీ ఆఫర్‌లో ఆ మాట ఉందో లేదో హెచ్ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. ఉంటే ఆ మూడేళ్లూ గడిచిపోతాయి. కానీ ఉద్యోగంతో పాటే అదీ పోతుంది, దాని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

హెచ్ఎస్ఏ డబ్బును ఇప్పుడే తీసేయకండి. హైదరాబాద్ ఆసుపత్రి బిల్లుకు వాడినా అమెరికాలో పన్ను పడదు, రసీదులు దాస్తే చాలు. 65 ఏళ్లు రాకముందు వైద్యానికి కాకుండా తీస్తే మాత్రం పన్నుతో పాటు 20 శాతం జరిమానా. ఆ ప్లాన్ వదిలాక కొత్తగా డబ్బు వేయలేరు, ఉన్నది అలాగే ఉంటుంది.

అమ్మగారికి 70 దాటాయి కాబట్టి ఆదాయంతో సంబంధం లేకుండా కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది, ఏడాదికి ఐదు లక్షల దాకా ఉచిత వైద్యం. ఆధార్ ఉంటే చాలు. గుంటూరులో ఏయే ఆసుపత్రులు ఆ పథకంలో ఉన్నాయో, మీరు వచ్చేలోగా దగ్గరివాళ్లెవరినైనా పంపి కనుక్కోండి.