మైక్ పాడవలేదండీ, ముందు పిన్ను చూడండి

ఫోన్‌లో బాగా పనిచేసే కాలర్ మైక్‌ను డెస్క్‌టాప్ గులాబీ జాక్‌లో పెడితే గొంతే రికార్డవట్లేదన్నారు కదా. పిన్ను మీద నల్ల గీతలు ఎన్నున్నాయో చూడండి. మూడుంటే అది ఫోన్ పిన్ను. అందులో ప్లాస్టిక్ తొడుగు పక్కనున్న భాగం మైక్‌ది. డెస్క్‌టాప్ మైక్ జాక్‌లో ఆ చోటు గ్రౌండ్‌ది, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి. ఇక గొంతు ఎలా వస్తుంది! మైక్‌నీ హెడ్‌ఫోన్‌నీ విడదీసే స్ప్లిటర్ కొని, మైక్ బొమ్మ ఉన్న పిన్నును గులాబీ జాక్‌లో పెట్టండి. విండోస్ 11 అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, సౌండ్‌లోకి వెళ్లి ఇన్‌పుట్ కింద ఆ మైక్‌నే ఎంచుకోండి. గొంతు సన్నగా వస్తే మైక్ బూస్ట్ (మైక్ శబ్దాన్ని పెద్దది చేసే సెట్టింగ్) కొద్దిగా పెంచండి, మరీ పెంచితే బుస్సుమనే శబ్దమూ పెరుగుతుంది. అది చిరాకనిపిస్తే యూఎస్‌బీ సౌండ్ కార్డ్ (యూఎస్‌బీ పోర్టులో పెట్టి, మైక్‌ను దానికి తగిలించే చిన్న పరికరం) తీసుకోండి, నన్నడిగితే అదే నయం. కొనేముందు మాత్రం మూడు గీతల పిన్ను దానికి పనికొస్తుందో లేదో కనుక్కోండి.