డాక్టర్ సలహా: ఫిట్స్ మూలం కనుక్కోవడానికి పుర్రె తెరవాలా, రంధ్రాలు చాలా?

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. తొమ్మిదేళ్లుగా ఫిట్స్ వస్తున్నాయి. మూడు రకాల మందులు వాడినా తగ్గలేదు. ఎమ్మారైలో ఏమీ కనిపించలేదు. ఫిట్స్‌కు ముందు గొంతు బిగుసుకుపోయి, నోటి చుట్టూ తిమ్మిరెక్కుతుందని అంటాడు. ఆపరేషన్‌కు ముందు మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టాలంటూ ఒక డాక్టరు పుర్రె తెరవాలన్నారు, మరొకరు చిన్న రంధ్రాలు చాలన్నారు. ఏది మంచిది?

జవాబు: సరైన మందులు రెండు తగిన మోతాదులో వాడినా ఆగని మూర్ఛను మందులకు లొంగనిదిగా పరిగణిస్తాము కనుక, ఆపరేషన్ ఆలోచన సబబే. వీడియో ఈఈజీ (ఫిట్స్‌ను వీడియో తీస్తూ మెదడు విద్యుత్ సంకేతాలను తలపై నుంచి నమోదు చేసే పరీక్ష), ఎమ్మారై, పెట్ స్కాన్ (మెదడు పనితీరును చూపే స్కాన్) ఒకే చోటును చూపితే చాలామందిలో మూలం వెతకడానికి పుర్రె లోపల ఎలక్ట్రోడ్లు పెట్టవలసిన పనే ఉండదు. మీ అబ్బాయి విషయంలో ఎమ్మారై దారి చూపలేదు కనుకే, మెదడు సంకేతాలను దగ్గర నుంచి నమోదు చేసే ఎలక్ట్రోడ్ల మాట వచ్చింది.

మొదటి పద్ధతిలో పుర్రె ఎముకలో కొంత భాగం తీసి, మెదడును కప్పి ఉంచే డ్యూరా పొర కింద, ప్లాటినం బిళ్లలు పొదిగిన పలుచని సిలికోన్ పట్టీని మెదడుపై పరుస్తారు. దీనిని గ్రిడ్ అంటారు. మాటకు, చేతి కదలికకు సంబంధించిన భాగాల పక్కనే మూలం ఉందని అనుమానం ఉంటే, ఆ హద్దును గుర్తించడానికి ఇది నేటికీ బాగా ఉపయోగపడుతుంది. అయితే మెదడు ముడతల అడుగున జరిగేది దీనికి సరిగా అందదు.

రెండవది స్టీరియో ఈఈజీ. పారిస్‌లో తలైరాక్, బాంకో అనే వైద్యులు రూపొందించిన ఈ పద్ధతిలో, రక్తనాళాలను తప్పిస్తూ ముందే గీసుకున్న దారుల్లో, సుమారు రెండున్నర మిల్లీమీటర్ల రంధ్రాల గుండా, 0.8 మి.మీ. మందం గల ఎలక్ట్రోడ్లను పది పన్నెండు వరకు లోతుకు దించుతారు. రక్తస్రావం దీనిలో నూటికి ఒకరికి, గ్రిడ్లతో నలుగురికి అటూ ఇటూగా కనిపించినట్లు పలు అధ్యయనాలను కలిపి చూసిన విశ్లేషణలు చెబుతున్నాయి.

మీరు రాసిన గొంతు బిగింపు, నోటి చుట్టూ తిమ్మిరి నాకు ముఖ్యంగా తోచాయి. ఇవి ఇన్సులా అనే, మెదడు మడతల్లో దాగిన భాగాన్ని అనుమానించవలసిన లక్షణాలు. అక్కడికి గ్రిడ్ చేరదు కనుక మీ అబ్బాయికి స్టీరియో ఈఈజీయే తగినదని నా అభిప్రాయం. కానీ ఒక్కో ఎలక్ట్రోడ్ తన చుట్టూ కొన్ని మిల్లీమీటర్ల మేర మాత్రమే నమోదు చేస్తుంది. అనుమానించిన చోటు తప్పయితే ఎన్ని దించినా మూలం దొరకదు. అందుకే, ఏ ఎలక్ట్రోడ్‌ను ఎక్కడికి, ఏ అనుమానంతో దించుతున్నారో వైద్య బృందాన్ని అడగండి. ఆ లక్షణాలను వారికి రాసి ఇవ్వండి, ఫిట్స్ వచ్చినప్పుడు ఫోన్‌లో తీసిన వీడియో ఉంటే చూపండి.

ఎలక్ట్రోడ్లు పెట్టాక వారం రెండు వారాలు ఆసుపత్రిలోనే ఉంచి, ఫిట్స్ నమోదు కావడానికి మందులు తగ్గిస్తారు. ఆ తగ్గింపు వార్డులో వైద్యుల కళ్ల ముందే జరగాలి. ఇంట్లో ఒక్క మాత్ర కూడా మానవద్దు.