చిల్లర బాకీ, గిజిగాడి గూడు

అమ్మలూ,

"పెదనాన్నా, రాద్దామని కూర్చుంటే ఏమీ తట్టడం లేదు. ఈ కూకట్‌పల్లి ఫ్లాట్లో ఏముంటుంది రాయడానికి? ఓ వారం అరకు వెళ్ళొస్తే ఏమైనా ఊపొస్తుందేమో" అని నువ్వు పెట్టిన మెసేజీ చూశాను. ఫోన్లో ఇంత పొడుగు కొట్టడం నా వల్ల కాదు. కాగితం మీద రాసి, పక్కింటి కుర్రాడి చేత ఫొటో తీయించి పంపిస్తున్నాను. రాత అర్థం కాకపోతే మీ అమ్మనడుగు, ఆవిడకి అలవాటే.

అరకు వెళ్ళు, వద్దనను. కథ కోసమైతే మాత్రం బస్సు చార్జీలు దండగ. కొత్త చోటికి వెళితే ఎటు చూసినా అందంగానే ఉంటుంది, అందంగా ఉందని తప్ప ఇంకేమీ కనపడదు. నేను ముప్పై మూడేళ్ళు కండక్టరు ఉద్యోగం చేశాను. అందులో సగం పైన తణుకు, అత్తిలి, భీమవరం మధ్య పల్లెవెలుగులోనే గడిచింది. అవే కాలవలు, అవే తాడిచెట్లు, అదే సార్వా పంట, అదే దాళ్వా పంట. నా కథలన్నీ ఆ రోడ్డు మీద దొరికినవే. అవి దొరకడానికి ముందు ఎన్ని తప్పులు రాశానో చెప్తాను విను.

మొదట్లో ఓ కథలో తల్లి గిజిగాడు పోచ పోచ తెచ్చి పిల్లల కోసం గూడు అల్లిందని రాసేశాను. చదివినవాళ్ళకి కళ్ళనీళ్ళు తిరగాలని నా ఉద్దేశం. అత్తిలి దాటాక రోజూ ఎక్కే కల్లుగీత బాబాయి ఒకాయనుండేవాడు. కథ సంగతి గొప్పగా చెప్పబోతే, "ఆడపిట్ట అల్లడమేంటండీ? అల్లేది మగదండి. ఆడది వచ్చి చూసి పోద్దండి, ఆయ్" అన్నాడు. బస్సంతా నవ్వింది. ఆ ట్రిప్పులో ఇద్దరికి టికెట్లు కొట్టడం మర్చిపోయాను.

ఆ వారం సెలవు రోజున క్యారేజీ కట్టుకుని కాలవ గట్టు మీద కూర్చున్నాను. శ్రావణ మాసం, చేలు పచ్చగా ఉన్నాయి. తల మీద పసుపు పూసుకున్నట్టున్న మగపిట్ట వరి ఆకు అంచు ముక్కుతో కొరికి పట్టుకుని ఎగిరింది. ఆకు నిలువునా చీలి, పొడుగాటి పీచొకటి దాని వెంట లేచిపోయింది. తాటాకు కొసకి గూళ్ళు సగం సగం వేలాడుతున్నాయి, బోర్లించిన బుట్టల్లాగా. ఒక్కో బుట్టకి ఒక్కో మగడు తలకిందులుగా వేలాడి, రెక్కలాడిస్తూ ఒకటే అరుపు. ఆడపిట్ట వచ్చింది. ఒక గూట్లో దూరింది, పోచ లాగి చూసింది, బయటికొచ్చి వెళ్ళిపోయింది. నచ్చితే మిగతా సగం అప్పుడు అల్లుతాడట, నచ్చకపోతే అక్కడితో సరి. ఆ సంగతి కూడా బాబాయే చెప్పాడు.

కింద రాలిన గూడొకటి తెచ్చి విప్పి చూశాను. గిజిగాడు గూట్లో మట్టి అంటించి, దానికి మిణుగురుల్ని గుచ్చి దీపం పెట్టుకుంటుందని మా నాయనమ్మ చెప్పేది. మట్టి పెళ్ళలు నిజంగానే ఉన్నాయి, మిణుగురు మాత్రం ఒక్కటీ లేదు. గాలికి గూడు మరీ ఊగిపోకుండా బరువుకని బాబాయి మాట.

ఆ తర్వాత రాసిన కథలో పిట్టే లేదు. సగం ఇల్లు కట్టి, పిల్ల తరపువాళ్ళని పిలిచి చూపించుకునే కుర్రాడున్నాడు. అలాంటివాళ్ళు మా డిపోలోనే ఇద్దరుండేవారులే. జాషువా గారు గిజిగాడి మీదా, సాలీడు మీదా పద్యాలు రాశారు, నువ్వూ బళ్ళో చదివే ఉంటావు. సాలీడు ఎవరింట్లో లేదు చెప్పు?

రెండో తప్పు ఇంకా పెద్దది. మా రోజుల్లో చిల్లర లేకపోతే బాకీ టికెట్టు వెనక రాసిచ్చేవాళ్ళం. ఓ ముసలావిడకి మూడు రూపాయలు రాసిచ్చాను. దిగేటప్పుడు ఆవిడ అడగలేదు, నేనూ మర్చిపోయాను. నెలా పదిహేను రోజుల తర్వాత అదే బస్సెక్కి, కూర్చుని, కొంగు ముడి విప్పింది. ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకుంది: సగం వక్క, గుడి కుంకం పొట్లం, తెగిన పిన్నీసు, అట్టలో మిగిలిపోయిన ఒకే ఒక మాత్ర. అన్నిటికీ అడుగున నా టికెట్టు, నాలుగు మడతలు పడి, పసుపంటుకుని. "నీకు గుర్తుండదులే బాబూ, అందుకే దాచాను" అంది.

ఆ రాత్రే కథ రాసేశాను, మూడు రూపాయల కోసం ముసలమ్మ పడ్డ పాట్లు అని. పత్రికవాళ్ళు తిప్పి పంపారు, మంచి పని చేశారు. ఆవిడ మొహంలో పాట్లూ లేవు, బాధా లేదు. నన్ను పట్టేసుకున్నానన్న సంబరం ఉంది. అది నా కళ్ళతో నేను చూశాను, చూసి కూడా రాయలేదు. ముసలమ్మ, మూడు రూపాయలు అనగానే నా బుర్రలో తయారుగా ఉన్న కథొకటి ముందుకొచ్చి నిలబడింది. తల్లిపిట్ట సంగతీ అంతే. నీకు ఏమీ తట్టకపోవడం కాదమ్మా, ఇలాంటివి ముందే తట్టేసి అడ్డంగా కూర్చున్నాయేమోనని నా అనుమానం. నాలుగేళ్ళాగి మళ్ళీ రాశాను, ఈసారి ఆ ముడి విప్పడం మాత్రమే. ఆ మాత్ర ఎవరిదో నాకు ఇప్పటికీ తెలీదు. కథంతా దాని చుట్టూనే తిరిగింది. అచ్చయింది.

సంక్రాంతికి మీ ఇంటికొచ్చినప్పుడు చూశాను, మీ గేటు దగ్గర కానుగ చెట్టుంది. నువ్వు స్కూటీ పెట్టేది దాని కిందే. అది ఆకు ఎప్పుడు రాల్చింది, మళ్ళీ ఎప్పుడు చిగిర్చింది? ఎండల్లో దాని పూలు నేలంతా మరమరాలు ఒలకబోసినట్టు పడతాయి. వాటిని ఊడ్చేదెవరు, చెట్టుని తిట్టుకుంటూ ఊడుస్తుందా, మాట్లాడుతూ ఊడుస్తుందా? పదిహేను రోజులు, ఒకే వేళకి, ఆ ఒక్క చెట్టు దగ్గర పావుగంట నిలబడు. ఫొటో తియ్యకు, తీస్తే చూసేశామనుకుంటాం. నాలుగో రోజుకి విసుగొస్తుంది, రానీ. రోజుకి రెండు వాక్యాలు రాసుకో, అందులో అందం, ప్రశాంతత, ఆహ్లాదం లాంటి మాటలు పడకుండా చూసుకో. పేర్లు తెలియకపోతే అడుగు. వాచ్‌మన్ భార్యకి తెలిసినన్ని చెట్ల పేర్లు మీ ఆఫీసు మొత్తానికి తెలియవు, పందెం.

మృగశిర కురిస్తే ముసలెద్దు రంకేస్తుందంటారు కదా. ఎవరో ఒకాయన చూరు కింద నిలబడి, తొలి వానకి తన కొట్టంలో ముసలిది లేచి రంకెయ్యడం చూసుంటాడు. వాన ఎంత హాయిగా ఉందో కూడా ఆయన చెప్పే ఉంటాడు, అదెవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఇంకొక్కటి. మెట్రోలో పక్కవాళ్ళ మాటలు విను, రాసుకో. కథలోకి తెచ్చేటప్పుడు ఊరు మార్చు, చీర రంగు మార్చు. ఒకసారి నేను మార్చలేదు. ఆ ఇంటి ముందునుంచి నడవడానికి రెండేళ్ళు మొహం చెల్లలేదు.

సార్వా కోతలకి ముందే ఓ రెండ్రోజులు రా. గట్టు మీద తాడిచెట్టుకి ఈ ఏడు పద్నాలుగు గూళ్ళున్నాయి, అందులో సగం సగమే. తణుకులో దిగి పల్లెవెలుగెక్కు. ఫోన్ పేలు గీన్‌పేలు నమ్ముకోకుండా చిల్లర పట్టుకురా.

ఆశీస్సులతో,
పెదనాన్న