అమెరికాలో కాలేజ్ బాస్కెట్‌బాల్‌కి అంత పిచ్చి ఎందుకు? ఒక సీజన్ మొత్తం ఫాలో అయినవాళ్లు చెప్పగలరా?

ఈ ఫాల్‌లో ఎంఎస్‌కి వెళ్తున్నానని, సీనియర్లంతా మార్చి నెల గురించే చెబుతున్నారని, క్రికెట్ తప్ప ఇంకేం చూడని మీకు అందులో ఏముందో అర్థం కావట్లేదని రాశారు. నేను 2017 నుంచి 2019 దాకా యూనివర్సిటీ ఆఫ్ వర్జీనియాలో చదివాను. మొదటి ఏడాది మా పురుషుల జట్టు అంతకుముందు ఎవరూ ఓడని విధంగా ఓడిపోయింది. రెండో ఏడాది చాంపియన్ అయింది. అందుకే ఆ సీజన్ గురించే చెబుతాను.

ముందు ఓటమి సంగతి. నవంబర్ నుంచి ఆడుకుంటూ వచ్చాక మార్చిలో 68 జట్లతో జాతీయ టోర్నమెంట్ జరుగుతుంది. ముందు చిన్న రౌండ్‌లో నాలుగు జట్లు పోయి 64 మిగులుతాయి. నాలుగు రీజియన్లు, ఒక్కోదానిలో 1 నుంచి 16 వరకు సీడ్లు, అంటే ర్యాంకులు: 1 అన్నిటికంటే బలమైన జట్టు, 16 బలహీనమైనది. ఒక్క మ్యాచ్ ఓడితే ఇంటికే. సీజన్ అంతా టాప్‌లో ఉన్నారు కదా అని ఐపీఎల్‌లోలా రెండో చాన్స్ ఇవ్వరు. 2018 మార్చి 16న షార్లెట్‌లో 1వ సీడ్ మాది, ఎదురుగా 16వ సీడ్ యూఎంబీసీ. పురుషుల టోర్నమెంట్‌లో అప్పటిదాకా అలాంటి మ్యాచ్‌లు 135 జరిగితే 135 కూడా 1వ సీడే గెలిచింది. హాఫ్ టైమ్‌కి 21-21. చివరికి 74-54, మేము ఓడాం. మా డీఆండ్రే హంటర్ మణికట్టు విరిగి ఆ మ్యాచ్ ఆడలేదు, నిజమే. కానీ ఇరవై పాయింట్ల తేడాకి అదొక్కటే కారణం అనలేం.

యూఎంబీసీ అంటే బాల్టిమోర్ పక్కన ఉండే యూనివర్సిటీ, మన తెలుగు పిల్లలు బాగా చేరే చోటు. నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు అక్కడే చదివేవాడు. ఆ రాత్రి మా వాట్సాప్ గ్రూప్‌లో వాడు సంబరపడిపోతుంటే ఏం రాయాలో తోచక ఫోన్ పక్కన పెట్టేశాను. అంతకుముందు ఆగస్టులో నేను చేరిన కొత్తలోనే మా యూనివర్సిటీ ఉండే షార్లెట్స్‌విల్‌లో జాత్యహంకారుల ర్యాలీ, హింస జరిగాయి. ఇంటి దగ్గర అమ్మ, నాన్న టీవీలో చూసి భయపడిపోయారు. ఒకే ఏడాదిలో ఆ ఊరి పేరు రెండుసార్లు దేశమంతా వినబడింది, రెండూ బాధపెట్టే కారణాలకే.

మ్యాచ్ తర్వాత కోచ్ టోనీ బెనెట్ ప్రెస్ ముందు కూర్చుని, వాళ్లు మాకంటే బాగా ఆడారని నెమ్మదిగా చెప్పారు. సాకులు చెప్పలేదు, ఆటగాళ్ల మీద తోసేయలేదు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే. గార్డ్ (బంతిని నడిపిస్తూ బయటి నుంచి ఆడే ఆటగాడు) కైల్ గై అయితే ఆ ఓటమి ఫొటోనే ఫోన్ స్క్రీన్ మీద పెట్టుకున్నాడు.

ఆ వేసవి అంతా టీవీల్లో ఒకటే మాట: వర్జీనియా ఆట మరీ నిదానం, ఇలా ఆడితే మార్చిలో గెలవలేరు అని. మా వాళ్లు ఆడేది ప్యాక్ లైన్ డిఫెన్స్. బెనెట్ వాళ్ల నాన్న డిక్ బెనెట్ తయారుచేసిన పద్ధతి. బంతి ఉన్నవాడి మీద ఒకడు ఒత్తిడి పెడతాడు, మిగతా నలుగురు బయటికి పరుగెత్తకుండా త్రీ పాయింట్ గీతకి (దాని బయటి నుంచి వేస్తే మూడు పాయింట్లు) లోపలే కాచుకుని ఉంటారు. కబడ్డీలో రైడర్‌ని లోపలికి రానిచ్చి చుట్టూ మూసేసినట్టు ఉంటుంది. 2018-19లో ప్రత్యర్థులకి మ్యాచ్‌కి సగటున దాదాపు 56 పాయింట్లే ఇచ్చారు, దేశంలో అదే అతి తక్కువ.

ఇది టీవీలో చూస్తే బోర్ కొట్టే మాట వాస్తవమే. మా హోమ్ హాల్ జాన్ పాల్ జోన్స్ అరీనాలో కూర్చుని చూస్తే మాత్రం వేరు. నేను పై వరుసల్లో కూర్చునేవాణ్ణి, కళ్లన్నీ కిహెయ్ క్లార్క్ మీదే. ఫస్ట్ ఇయర్ కుర్రాడు, ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. అవతలి గార్డ్ బంతి అందుకున్న క్షణం నుంచి కోర్టు పొడవునా వాడి ఛాతీకి అతుక్కుని వెనక్కి జరుగుతూ వచ్చేవాడు. కాలేజ్ ఆటలో షాట్ క్లాక్ 30 సెకన్లు, అంటే బంతి అందాక అంతలోపే షాట్ వేయాలి. సగం దాటే సరికే అవతలివాళ్లకి ఎనిమిది, పది సెకన్లు హరించుకుపోయేవి. క్లాక్ పదికి దిగేసరికి హాలంతా లేచి నిలబడేది. అయిదు, నాలుగు, మూడు... షాట్ వేయలేక బజర్ మోగితే, డంక్ (ఎగిరి బంతిని పైనుంచి నెట్‌లోకి బాదడం) కొట్టినంత గోల! డిఫెన్స్‌కి అంత చప్పట్లు పడటం నేను ఇంకెక్కడా చూడలేదు.

రెగ్యులర్ సీజన్‌లో మమ్మల్ని ఓడించింది డ్యూక్ ఒక్కటే, రెండుసార్లు. ఆ ఏడాది దేశమంతా మాట్లాడుకున్న ఆటగాడు జయాన్ విలియమ్సన్ ఉన్న జట్టు అది. ఫిబ్రవరి 9న మా హాల్లో జరిగిన మ్యాచ్‌కి బాస్కెట్‌బాల్ సూపర్‌స్టార్ లెబ్రాన్ జేమ్స్ కూడా వచ్చాడు. తర్వాత మా కాన్ఫరెన్స్ (సీజన్ అంతా తమలో తాము ఆడుకునే యూనివర్సిటీల గ్రూప్) టోర్నమెంట్‌లో ఫ్లోరిడా స్టేట్ చేతిలో ఇంకో ఓటమి.

ఇక మార్చి. మొదటి రౌండ్‌లో మళ్లీ 16వ సీడే, గార్డ్‌నర్-వెబ్. ఒక దశలో 14 పాయింట్లు వెనకబడ్డాం. మా రూమ్‌లో ఒక్కరూ మాట్లాడలేదు. చివరికి 71-56తో బయటపడ్డాం. ఓక్లహోమా, ఒరెగన్ అయ్యాక పర్డ్యూ మ్యాచ్‌లో వాళ్ల కార్సెన్ ఎడ్వర్డ్స్ ఒక్కడే 42 కొట్టాడు. మేము రెండు పాయింట్లు వెనక, ఆరు సెకన్లు మిగిలి ఉండగా మా ఫ్రీ త్రో (ఫౌల్‌కి ఇచ్చే, ఎవరూ అడ్డుకోని షాట్) తప్పింది, మమాది డియాకిటే చేత్తో వెనక్కి తోసిన బంతి మా సగంలోకి దొర్లిపోయింది. క్లార్క్ పరుగెత్తి పట్టుకుని, తను వేయకుండా, దూరంగా ఉన్న డియాకిటేకే పాస్ ఇచ్చాడు. బజర్‌తో పాటు బంతి నెట్‌లో పడింది, స్కోరు సమం. ఓవర్‌టైమ్‌లో 80-75తో గెలిచాం. ఆ గాభరాలో ఫస్ట్ ఇయర్ కుర్రాడు తల పైకెత్తి అంత దూరంలో ఉన్న మనిషిని చూడగలగడం నాకిప్పటికీ ఆశ్చర్యమే.

సెమీస్‌లో ఆబర్న్ మీద 0.6 సెకన్లు ఉండగా రెండు పాయింట్లు వెనక. కైల్ గైని ఫౌల్ చేశారు, మూడు ఫ్రీ త్రోలు. జెర్సీ మొహం మీదికి లాక్కుని ఒక్క క్షణం నిలబడ్డాడు, తర్వాత మూడూ వేశాడు. 63-62. ఇక్కడ ఒక మాట చెప్పాలి: దానికి కాసేపటి ముందు మా టై జెరోమ్ చేసిన డబుల్ డ్రిబుల్‌ని (బంతిని నేలకి కొట్టడం ఆపి మళ్లీ మొదలుపెట్టడం, అది తప్పు) రిఫరీలు పట్టలేదు. ఆబర్న్ వాళ్లు ఇప్పటికీ బాధపడుతున్నారంటే అందులో న్యాయం ఉంది.

ఏప్రిల్ 8న మినియాపోలిస్‌లో టెక్సస్ టెక్‌తో ఫైనల్. హంటర్ మొదటి సగంలో అయిదు పాయింట్లే వేశాడు. మూడు పాయింట్లు వెనక ఉన్నప్పుడు, పన్నెండు సెకన్ల చిల్లర మిగిలి ఉండగా, కుడి మూల నుంచి అతనే త్రీ వేసి సమం చేశాడు. ఓవర్‌టైమ్‌లో 85-77, హంటర్‌వి మొత్తం 27. పురుషుల బాస్కెట్‌బాల్‌లో యూనివర్సిటీకి అదే మొదటి టైటిల్. 35 గెలుపులు, 3 ఓటములు. ఆ రాత్రి మేమంతా కార్నర్ అనే వీధిలోకి పరుగెత్తాం, ముక్కూ మొహం తెలియనివాళ్లు కౌగిలించుకున్నారు. మొదట మెసేజ్ పెట్టింది యూఎంబీసీలో ఉన్న నా ఫ్రెండే.

మీ ప్రశ్నకి నా జవాబు ఇది: ఈ ఆటగాళ్లు మన క్యాంపస్‌లో మనతో పాటే తిరిగే పిల్లలు, మహా అయితే నాలుగైదేళ్లు ఉంటారు. హంటర్, జెరోమ్, గై ముగ్గురూ టైటిల్ అయిన ఆ వేసవిలోనే ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏకి వెళ్లిపోయారు. ఆ జట్టు మళ్లీ అలాగే కలిసి ఆడదు. అందుకే ఒక్కో సీజన్ మీద జనానికి అంత ప్రేమ.

మార్చి దాకా ఆగకండి. జనవరిలో మామూలు మంగళవారమో బుధవారమో హోమ్ మ్యాచ్‌కి వెళ్లండి. స్టూడెంట్లకి టికెట్ చాలాచోట్ల ఉచితం, లేదా బాగా తక్కువ. మీ యూనివర్సిటీ ఏదో చెబితే, ఆ కాన్ఫరెన్స్‌లో ఏ మ్యాచ్‌లు వదులుకోకూడదో కామెంట్‌లో రాస్తాను.