మిల్లు మూతపడుతుంటే విచారణ చర్చి ఏం చేయగలదు? మా కేజీఎఫ్ అనుభవం

మీ ఊరి మిల్లు మూసేస్తున్నారు, విచారణ యువత తరఫున, అంటే మీ క్యాథలిక్ చర్చి పరిధిలోని యువత తరఫున, ఏం చేస్తే బాగుంటుందని అడిగారు. నేను పుట్టి పెరిగింది కర్ణాటకలోని బంగారు గనుల ఊరు కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌ (కేజీఎఫ్)లో, ఛాంపియన్ రీఫ్స్ గని కార్మికుల లైన్ ఇళ్లలో. నాన్న అండర్‌గ్రౌండ్‌లో పనిచేసేవాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు.

మూస్తారని ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. తొలినాళ్లలో టన్ను రాయికి 40 గ్రాములకు పైగా పడిన బంగారం చివరికి 3 గ్రాములకు దిగిపోయింది. గని లోతేమో 3 కిలోమీటర్లు దాటింది. ఖర్చు ఎలా గిడుతుంది? అయినా షిఫ్టు సైరన్ ఆగిపోయాక కొన్నాళ్లు ఊళ్లో ఎవరికీ టైమెంతయిందో తెలిసేది కాదు.

గుడివాళ్లు (చర్చినే మేం గుడి అంటాం) ముందు పెట్టింది కుట్టుమిషన్ క్లాసు. నిజం చెప్పాలంటే దండగ. అమ్మతో సహా అందరూ జాకెట్లు కుట్టడం నేర్చుకున్నారు, కుట్టించుకునేవాళ్లే లేరు.

అక్కరకొచ్చింది జ్ఞానస్నానాల రిజిస్టరు, అంటే బిడ్డలకు బాప్తిస్మం ఇచ్చినప్పుడు గుడిలో వివరాలు రాసే పుస్తకం! సెటిల్‌మెంటుకీ పింఛనుకీ వయసు రుజువు కావాలి. నాన్న తరానికి పుట్టిన సర్టిఫికెట్లు ఎక్కడివి? రేషన్ కార్డులో ఒక వయసు, కంపెనీ పుస్తకంలో ఇంకో వయసు. ఫాదర్ గారు రోజూ సాయంత్రం అట్టలకు చెదపట్టిన ఆ పుస్తకాలు ముందేసుకుని కూర్చునేవారు. పాత చేతిరాత చదవగలనని నన్ను పక్కన పెట్టుకున్నారు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలే, పైగా రాసినవాళ్లు తమిళులు. మా తాత చిన్నప్ప అందులో ‘సిన్నప్పన్’. ఆయన్ని పట్టుకోవడానికి నాకు మూడు రోజులు పట్టింది. గుడికి రానివాళ్లకు మా విచారణ బడి అడ్మిషన్ రిజిస్టరు పనికొచ్చింది. హిందువులూ ముస్లింలూ గుడి వరండాలో బారులు తీరడం అప్పుడే చూశాను.

తర్వాత మగవాళ్లంతా బెంగళూరు పనులకు మళ్లారు. మా కేజీఎఫ్‌లోని మారికుప్పం స్టేషన్ నుంచి రైల్లో 85 కిలోమీటర్లకు పైనే. చీకటితో రైలెక్కితే మళ్లీ రాత్రికే ఇల్లు. తపస్సు కాలం (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాస దినాలు) శుక్రవారాల్లో సిలువ మార్గం, అంటే క్రీస్తు శ్రమలను పద్నాలుగు స్థలాలుగా ధ్యానించే ప్రార్థన, సాయంత్రం ఆరుకు ఉండేది, దాన్ని రాత్రి తొమ్మిదికి మార్చారు. ముసలివాళ్లు సణిగారనుకోండి. నాన్న టిఫిన్ క్యారియర్‌తో స్టేషన్ నుంచి నేరుగా వచ్చేవాడు. పదకొండో స్థలానికల్లా నిలబడే కునుకు తీసేవాడు. అమ్మ మోచేత్తో పొడిచేది.

కాబట్టి శిక్షణ క్లాసుల సంగతి తర్వాత చూడండి. మిల్లు గేటు తెరిచి ఉండగానే ఎవరెవరికి ఏ కాగితం లేదో ఇంటింటికీ తిరిగి రాసుకోండి. పేరు తప్పులు, పుట్టినతేదీ తేడాలు ఇప్పుడే దిద్దించండి. మూశాక ఆఫీసులో సంతకం పెట్టే మనిషి దొరకడు. గుడి నుంచి ఇచ్చే నకలుకు డబ్బు మాత్రం అడగొద్దు. మా దగ్గర మొదట పది రూపాయలన్నారు. వరుసలో ఉన్న వాళ్ల మొహాలు చూసి, రెండో వారానికే ఆ డబ్బులు వేసే డబ్బా తీసేశారు.